రాజ్యలక్ష్మిగారు అవుటయిన రోజు

మా అపార్ట్‌మెంట్‌లో రాజ్యలక్ష్మిగారి కళ్లు కప్పడం ఎవరి తరమూ కాదు. మొన్న లిఫ్టులో కనిపించి, "రమణగారూ, పోయిన గురువారం మీ చొక్కాకి పైనుంచి రెండో గుండీ తెల్లది. ఇవాళ గోధుమరంగుది. ఊడిపోయిందా?" అన్నారు. ఊడిపోయింది. దొరికిన గుండీ నేనే కుట్టుకున్నాను. నలభై ఏళ్లుగా కాపురం చేస్తున్న మా ఆవిడ కూడా గమనించలేదు, గమనించకపోవడమే మంచిదని నేనూ ఊరుకున్నాను.

ఆవిడది చాడీల కన్ను కాదు, వృత్తి అలాంటిది. ముప్పై ఒక్క సంవత్సరాలు సినిమాల్లో కంటిన్యుటీ రాశారు. తెలియనివాళ్ల కోసం చెబుతాను. సినిమా వరసగా తీయరు. హీరో గుమ్మం దాకా రావడం ఇవాళ తీస్తే, గుమ్మం దాటి లోపల కూర్చోవడం నెల తరవాత ఇంకో సెట్లో తీస్తారు. ఈలోగా అతని చేతి గడియారం మారకూడదు, నుదుటి మీద చెమట ఆరకూడదు, గ్లాసులో నీళ్లు పెరగకూడదు. ఇవన్నీ చూసి ఒక పుస్తకంలో రాసిపెట్టుకునే మనిషి ఒకరుంటారు. తప్పు జరిగితే అందరూ ఆ మనిషి వైపే చూస్తారు. జరగకపోతే అలాంటి మనిషి ఒకరున్నారని కూడా ఎవరికీ గుర్తుండదు.

ఆవిడ ఇంట్లో ఒక ఇనప బీరువా నిండా ఆ పుస్తకాలే. ఏ హీరోయిన్ ఏ పాటలో ఎన్ని గాజులు వేసుకుందో, ఏ విలన్ ఎడమ చేత్తో సిగరెట్ ముట్టించాడో అన్నీ ఉంటాయి. వాటిలో అందరూ ఉన్నారు, ఆవిడ తప్ప.

ఒకసారి శంషాబాద్ అవతల షూటింగు. హీరోగారి చేతికి కట్టు కట్టి షాట్ రెడీ అన్నారు. "సార్, పోయిన షెడ్యూల్లో కట్టు ఎడమ చేతికి" అన్నారట ఈవిడ. డైరెక్టరు గయ్యిమన్నాడు. రెండొందల మంది ముందు, నీకేం తెలుసు పొమ్మన్నాడు. షాట్ తీసేశారు. వారం తరవాత ఎడిటింగ్‌లో చూసుకుంటే కట్టు ఎడమ చేతి నుంచి కుడి చేతికి ఎగిరి కూర్చుంది. సీనంతా మళ్లీ తీశారు. మళ్లీ తీసిన రోజు ఆవిడతో ఎవరూ ఒక్క మాట కూడా అనలేదు. తప్పు అనలేదు, ఒప్పూ అనలేదు.

నేనూ ఆ తాను ముక్కనే. ఇరవై ఆరేళ్లు పెద్ద రచయితల దగ్గర డైలాగులకి ఫెయిర్ కాపీ రాశాను. టైటిల్స్‌లో పేరు లేకపోవడం ఎలా ఉంటుందో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. అయితే నాకు కోపం ఎక్కువ, ఇప్పటికీ టీవీలో ఆ సినిమాలొస్తే రిమోట్ విసిరేస్తాను. ఆవిడ అలా కాదు, నిమ్మళంగా లెక్క చెబుతారు. నూట పన్నెండు సినిమాలు, తొమ్మిదింట్లో పేరు. అదీ పదిమంది పేర్లు కుక్కిన కార్డు మీద, చదివేలోపు మాయమయ్యే పేరు.

"నా పేరొక్కటే ఉండే సింగిల్ కార్డ్ అడగలేదండీ నేను. ఆటలో నేనూ ఉన్నానని ఎవరైనా ఒక్కసారి లెక్కేస్తే చాలనుకున్నాను" అనేవారు. ఆ మాట నవ్వుతూనే అనేవారు కానీ, నాకు నవ్వొచ్చేది కాదు.

అలాంటి మనిషి జీవితంలోకి అరవై ఆరో ఏట వీడియో గేమ్ వచ్చింది.

తెచ్చింది అనఘ అనే అమ్మాయి. టోలిచౌకి నుంచి స్కూటీ మీద వచ్చేది. సైకాలజీలో పీహెచ్‌డీ. అమ్మమ్మలు, తాతలు మనవలతో కలిసి వీడియో గేములాడితే ఏమవుతుంది, ఆ వయసులో కొత్త ఆట వంటబడుతుందా, ఒక తరం ఇంకో తరానికి ఆట ఎలా నేర్పుతుంది, ఇదీ ఆ పిల్ల పరిశోధన. మా ఫిల్మ్ నగర్‌లోనే ఇరవై రెండు ఇళ్లు కుదుర్చుకుంది. ఒక ఇల్లు రాజ్యలక్ష్మిగారిది. కూతురు డబ్బింగ్ స్టూడియోలో మేనేజరు, పొద్దున పోతే సాయంత్రమే రావడం. ఇంట్లో ఆవిడకి జోడీ పదకొండేళ్ల మనవరాలు మనోజ్ఞ. ఇంకో ఇల్లు మాది. నా జోడీ మా మనవడు వేదాంత్, పన్నెండేళ్లవాడు, వయసుకి మించిన తెలివి.

ప్రతి ఇంట్లోనూ టీవీకి ఒక నల్లటి పెట్టె తగిలించి, రెండు రిమోట్లు ఇచ్చింది. పిల్లలు వాటిని కంట్రోలర్లంటారు, మాకు రిమోట్లే. ఆటలో ఒక బొమ్మ మనిషి మిద్దెల మీద పరిగెడుతూ తెగిన గాలిపటాలు పట్టుకోవాలి. మిద్దెకీ మిద్దెకీ మధ్య సందు వస్తుంది. సరిగ్గా అంచుకి వచ్చినప్పుడు మీట నొక్కితే దూకుతుంది, లేదంటే సందులో పడుతుంది. మూడుసార్లు పడితే అవుట్.

"ఇది ఎగ్జామ్ కాదు అంకుల్. మీరు మంచిగ ఆడినా, ఖరాబ్ ఆడినా నాకు డేటానే" అంది అనఘ. "ముందు పెద్దోళ్లు పది నిమిషాలు ఆడాలె, తర్వాత పిల్లలు. మీరు ఆడుతున్నప్పుడు పిల్లలు పక్కన కూసోని చెప్పొచ్చు. మీ రిమోట్ మాత్రం ముట్టొద్దు. గంతే."

టీవీ తెర, పెద్దవాళ్ల చేతులు రెండూ కనిపించేలా ఒక స్టాండు మీద చిన్న కెమెరా పెట్టింది. వారానికి మూడు రోజులు, ఎనిమిది వారాలు.

మొదటి రెండు వారాల గురించి చెప్పుకోకపోవడమే మంచిది. నా బొమ్మ మనిషి పరిగెత్తిన దానికంటే పడింది ఎక్కువ. పదో ఇంటి తాతగారైతే రిమోట్ తలకిందులుగా పట్టుకున్నారట. రాజ్యలక్ష్మిగారు పడ్డ ప్రతిసారీ "అయ్యో" అనేవారు కాదు, మొహం చిన్నబుచ్చుకుని చీర కొంగు సర్దుకునేవారు. షూటింగులో తిట్లు తిన్నప్పుడూ అంతే చేసేవారని ఆవిడతో పనిచేసినవాళ్లు చెబుతారు. ఆ కొంగు సర్దుకోవడం మనోజ్ఞ చూసింది. పిల్లలకి కొన్ని వెంటనే తెలిసిపోతాయి.

మూడో వారం నుంచి అద్భుతం మొదలైంది. నేను పది మిద్దెలు దూకాను, పన్నెండు దూకాను, ఇరవై దూకాను. కేబీఆర్ పార్కులో వాకింగ్‌కి వెళ్లి మా బ్యాచ్‌కంతటికీ చెప్పాను. మెదడు ముదిరేకొద్దీ పదునెక్కుతుందని ఒక సిద్ధాంతం కూడా లేవదీశాను. ఆరో వారానికి ఇరవై రెండు ఇళ్లలో నాది రెండో స్థానం. అనఘ గ్రాఫు గీసి చూపించింది, గీత ఎలివేటరెక్కినట్టు పైకి పోతోంది. "మా సార్‌కు పంపిన అంకుల్. గిట్లాంటి రిజల్ట్ ఎక్కడ రాలేదన్నడు!" అంటూ ఎగిరి గంతేసింది. నేను గాల్లో తేలిపోయాను. జీవితంలో నా పేరు రెండో స్థానంలో ఎక్కడైనా కనిపించడం అదే మొదలు.

ఎనిమిదో వారం మంగళవారం సాయంత్రం రాజ్యలక్ష్మిగారికి తుమ్ము వచ్చింది.

ఆట మధ్యలో తుమ్మారు. తుమ్ముతూ కుడిచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. మీట మీద వేలు లేదు. తెర మీద బొమ్మ మాత్రం సందు మీదుగా శుభ్రంగా దూకి అవతలి మిద్దె మీద వాలింది.

ఇంకొకరైతే అదృష్టం అనుకునేవారు. నిజం చెప్పొద్దూ, నాకూ అలా చాలాసార్లు జరిగింది. కళ్లజోడు సర్దుకుంటుంటే దూకింది, ఫోను ఎత్తుతుంటే దూకింది. అది నా ప్రతిభ అలవాటుగా మారిపోవడం అనుకున్నాను. ఆవిడ అలా అనుకోలేదు. అప్పటికి ఏమీ అనకుండా ఆట ముగించారు. గురువారం మళ్లీ ఆటకి కూర్చుని, బొమ్మ పరిగెడుతుండగా రిమోట్ నెమ్మదిగా ఒళ్లో పెట్టేసి చేతులు కట్టుకున్నారు. బొమ్మ మూడు మిద్దెలు దూకింది. నాలుగో మిద్దె దగ్గర మనోజ్ఞ పక్కకి చూసింది, అమ్మమ్మ కట్టుకున్న చేతులు చూసింది, దిండు కింద దాచుకున్న తన రిమోట్ మీద నుంచి వేలు తీసేసింది. బొమ్మ సందులో పడింది.

"ఎన్నాళ్లనుంచే?" అన్నారు రాజ్యలక్ష్మిగారు.

మనోజ్ఞ ఏడుపు మొహం పెట్టింది. ఆ పెట్టెలో ఒక సదుపాయం ఉందట. సెట్టింగ్స్‌లోకి వెళ్లి మారిస్తే రెండు రిమోట్లూ ఒకే బొమ్మని నడుపుతాయట. ఎవరు ముందు నొక్కినా దూకుతుంది. అనఘ పెట్టిన కెమెరాలో తెర, పెద్దవాళ్ల చేతులు తప్ప పక్కనున్న పిల్లల చేతులు పడవు. ఈ కిటుకు ఒక పిల్లాడు కనిపెట్టి, బ్యాడ్మింటన్ కోచింగ్ గ్రూపులో అందరికీ చెప్పాడు. కాలనీ పిల్లలందరూ ఆ కోచింగ్‌లోనే ఉన్నారు. అనఘ ఇళ్లు కుదుర్చుకున్నదీ ఆ కోచింగ్ దగ్గర నిలబడే.

"నువ్వు పడిపోయినప్పుడల్లా కొంగు సర్దుకునేదానివి. నాకు ఏడుపొచ్చేది" అంది మనోజ్ఞ. "అందుకే నిన్ను ఆటలో అరటిపండు చేశాను. చిన్నప్పుడు నువ్వేగా నన్ను చేయించావు!"

నిజమే. మనోజ్ఞకి నాలుగేళ్లప్పుడు కింద సెల్లార్లో పెద్ద పిల్లలు దొంగా పోలీసు ఆడుతుంటే, ఇది ఏడుస్తూ నిలబడింది. ఈవిడే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, "దీన్ని అరటిపండుగా పెట్టుకోండర్రా" అన్నారు. ఆ మాటకి అర్థం మనందరికీ తెలుసు. చంటిది అందరితోపాటు పరిగెడుతుంది, కేకలు వేస్తుంది, ఆడుతున్నాననుకుంటుంది. దాన్ని ఎవరూ పట్టుకోరు, ముట్టుకున్నా దొంగ కాదు. అది ఓడదు, గెలవదు, అవుటవదు. అందరూ ముద్దుగా చూసుకుంటారు, ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఇది జరిగిన గంటకల్లా రాజ్యలక్ష్మిగారు మా ఇంటికి వచ్చారు. సంగతంతా చెప్పారు. కిటుకు కనిపెట్టిన పిల్లాడెవరని అడిగాను.

"మీ వేదాంతేనండీ."

నా తల కొట్టేసినట్టయింది. రెండో స్థానం, కేబీఆర్ పార్కు, మెదడు పదును, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. కానీ నా నోట్లోంచి వచ్చిన మాట వేరు. "పోనివ్వండి. ఇంకో నెలలో ఆ అమ్మాయి యూనివర్సిటీలో సెమినార్ ఇవ్వాలి. ఐదేళ్ల చదువు. ఇప్పుడు చెబితే కొంప కొల్లేరవుతుంది. ఎవరికి నష్టం చెప్పండి?"

"నాకు" అన్నారు ఆవిడ.

ఆవిడ గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు పెంచారు. "ముప్పై ఒక్క ఏళ్లు అరటిపండునేనండీ నేను. ఫర్వాలేదు, అది పరాయివాళ్ల ఆట. ఇప్పుడు నా ఇంట్లో, నా మనవరాలి పక్కన కూర్చుని కూడా అరటిపండునేనా? ఆరు వారాలు సంబరపడ్డాను. దూకింది నేను కాదు. అసలు ఒక్కసారైనా దూకానో లేదో నాకు తెలియాలి. తప్పు కళ్లబడ్డాక నోరు మూసుకోవడం నాకు చేతకాదు, మీకు తెలుసుగా."

నాకు తెలుసు. హీరోగారి చేతి కట్టు కథ నేనే కదా పదిమందికి చెప్పింది.

శనివారం అనఘని పిలిపించారు. నన్నూ రమ్మన్నారు, వేదాంత్‌ని చెవి పట్టుకుని తీసుకెళ్లాను. మనోజ్ఞ దిండు కింద రిమోట్ తీసి చూపించింది. అనఘ ఆ రిమోట్‌ని అటూ ఇటూ తిప్పి చూసింది. తరవాత సంచిలోంచి తన గ్రాఫు తీసి, మడత పెట్టి మళ్లీ లోపల పెట్టింది.

"అందరిండ్లల్ల గిట్లనేనా?" అంది.

"ఇరవై రెండిట్లో ఇరవై" అన్నాడు మా సుపుత్రుడి సుపుత్రుడు. ఆ గొంతులో కొంచెం గర్వం కూడా వినిపించింది, దాని గురించి ఇంటికెళ్లాక విడిగా మాట్లాడుకున్నాం.

అనఘ ఏడ్చేసింది. "అయిపోయింది ఆంటీ. ఐదేండ్లు. మా నాయిన ప్రతి నెలా ఫోన్ చేస్తడు, అయిందా బిడ్డా అని. వచ్చే నెల అయితదని చెప్పిన. పెద్దోళ్లు నేర్చుకున్నరో, నేర్చుకోలేదో గిప్పుడు ఎట్ల తెలుస్తది? గేమ్‌ల బొమ్మ దూకినట్టే ఉంది గానీ, ఎవరు నొక్కితే దూకిందో రాసిలేదు."

రాజ్యలక్ష్మిగారు లేచి వెళ్లి మంచినీళ్లు తెచ్చి ఇచ్చారు. ఆ పిల్ల తాగేదాకా ఆగారు.

"రష్ అంతా ఉందామ్మాయ్?"

"రష్ అంటే?"

"కెమెరా తీసిందంతా. చెరిపేశావా, ఉంచావా?"

"అంతా ఉంది. ఎనభై ఎనిమిది గంటలు."

"అందులో తెర కనిపిస్తుంది. చేతులు కనిపిస్తాయి. వేలు కదిలిన క్షణం ఒకటి, బొమ్మ దూకిన క్షణం ఒకటి. రెండూ అతికితే పెద్దవాళ్లు దూకినట్టు. అతక్కపోతే పిల్లలు దూకించినట్టు." ఆవిడ బీరువా తెరిచి, ఏమీ రాయని పాత కంటిన్యుటీ పుస్తకం ఒకటి బయటికి తీశారు. "ఇంకేం పనొచ్చు అంటే నేనేం చెప్పలేను కానీ, ఈ పని వచ్చు. ఎప్పుడు మొదలెడదాం?"

అనఘ నోరు వెళ్లబెట్టి చూసింది. నేనూ చూశాను. ఈ వయసులో, నాకంటే ఒక ఏడాది పెద్దావిడని చూసి అసూయపడ్డాను, దాచుకోవడం ఎందుకు.

అనఘ ఇరవై రెండు ఇళ్లకీ మళ్లీ వెళ్లి, జరిగింది చెప్పి, ఆ వీడియోలు రాజ్యలక్ష్మిగారు చూడటానికి సంతకాలు తెచ్చుకుంది. ఇద్దరు సంతకం పెట్టేముందు గొణిగారు. వాళ్లలో నేనూ ఒకణ్ని. తరవాత మూడు వారాలు రోజూ పొద్దున పదింటి నుంచి ఆ హాల్లో ఒకటే పని. అనఘ లాప్‌టాప్ నడిపేది. ఆవిడ కళ్లజోడు ముక్కు మీదకి దించుకుని, దూకిన ప్రతి దూకుడికీ ఎర్ర టిక్కో నీలం టిక్కో పెట్టేవారు. ఎరుపు పెద్దవాళ్లది, నీలం పిల్లలది. అనుమానం వస్తే "వెనక్కి తిప్పు" అనేవారు. ఒక్క మాట మాత్రం ముందే చెప్పారు: తన వీడియోలు తను చూడరు. "నా షాట్‌కి నేను ఓకే చెప్పుకోకూడదు" అన్నారు. వాటిని అనఘే వేరే కాగితం మీద గుర్తించింది.

మధ్యలో ఒక రోజు నేను వెళ్లేసరికి ఇద్దరూ మాట్లాడకుండా పుస్తకం వైపు చూస్తున్నారు. భయం వేసింది. అనఘ నా వైపు తిరిగి, "అంకుల్, జర ఇటు చూడున్రి" అంది.

మూడు, నాలుగు వారాల పేజీలన్నీ నీలంగా ఉన్నాయి. పదికి ఏడు పిల్లలవే. ఐదో వారంలో ఎర్రవి పెరిగాయి. ఏడు, ఎనిమిది వారాలకి వచ్చేసరికి పద్నాలుగు ఇళ్లలో పేజీలు ఎర్రగా మారిపోయాయి. పిల్లలు ఇంకా భయంతో నొక్కుతూనే ఉన్నారు, కానీ పెద్దవాళ్లు అప్పటికే నొక్కేశారు. తమకి తెలియకుండా నేర్చేసుకున్నారు. పిల్లలకీ తెలియలేదు.

"అంటే అమ్మాయ్, మాకు వచ్చింది" అన్నారు రాజ్యలక్ష్మిగారు. "వచ్చిన సంగతి ఎవరూ మాకు చెప్పలేదు, అంతే."

వాళ్లిద్దరూ చేతులు పట్టుకుని నవ్వుతుంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నా పేజీ కూడా అడిగాను. చివరి రెండు వారాల్లో నూరు దూకుళ్లకి నా ఎర్ర టిక్కులు నాలుగు. ఆ నాలుగూ వేదాంత్ పాలు తాగడానికి లేచిన రోజువి. సరే, అవి మాత్రం నావే, ఎవరూ తీసుకోలేరు.

సెమినార్ రోజు మేమంతా వెళ్లాం. యూనివర్సిటీ హాలు చిన్నది, ఏసీ పెద్దది. అనఘ గైడు వెంకటనర్సయ్యగారు ముందు వరసలో కూర్చున్నారు. మనిషి మెత్తనివాడే కానీ, మాట కచ్చితం. అనఘ దాచకుండా అంతా చెప్పింది, మొదటి గ్రాఫు ఎందుకు తప్పయిందో, రిమోట్ దిండు కింద ఎలా దొరికిందో. ఎర్ర నీలం లెక్క చూపించాక ఆయన గొంతు సవరించుకున్నారు.

"అంతా మంచిగనే ఉందమ్మా. గానీ ఒక పెద్దమనిషి కండ్లతోటి చూసి టిక్ పెట్టిందంటే, దాన్ని సైన్స్ అని ఎట్లంటరు? రేపు బయటి ఎగ్జామినర్ అడుగుతడు, ఏం చెప్తవ్?"

అనఘ తడబడింది. మా వరసలోంచి రాజ్యలక్ష్మిగారు లేచి నిలబడ్డారు. కొంగు సర్దుకోలేదు, నేను చూశాను.

"పరీక్ష పెట్టండి సార్" అన్నారు.

ఆయన నవ్వారు. ఆయనా ఊరికే రాలేదు. ప్రతి రిమోట్ మీదా ఎవరు ఎప్పుడు నొక్కారో కంప్యూటర్ విడివిడిగా రాసుకునేలా ఆట మార్పించి, వేరే మూడు కుటుంబాల చేత ముందురోజే ఆడించి పెట్టుకున్నారు. పిల్లలకి ఇష్టం వచ్చినప్పుడు సాయం చేయమని చెప్పారట. నలభై దూకుళ్లు. జవాబులు కవర్లో అతికించి జేబులో పెట్టుకొచ్చారు. ఈ సంగతి అనఘకి కూడా తెలియదు. ఎవరో ముక్కూ మొహం తెలియని తాత చేతులు తెర మీద కనిపించాయి.

ఆవిడ నిలబడే చూశారు. "తాత." "పిల్లాడు." "పిల్లాడు." "తాత, కొంచెం ఆలస్యంగా." "పిల్లాడు, తాత వేలు ఇంకా గాల్లోనే ఉంది." ఒక్కో మాటకీ వెంకటనర్సయ్యగారి పక్కనున్న కుర్రాడు కాగితం మీద రాసుకుంటున్నాడు. మొదట్లో గుసగుసలు వినిపించాయి. పదిహేనో దూకుడు దాటాక అవి ఆగిపోయాయి. మనోజ్ఞ నా చెయ్యి గోళ్లు దిగేలా పట్టుకుంది.

నలభై అయ్యాయి. ఆయన కవరు చింపి, జవాబులు పక్కపక్కన పెట్టి మెల్లగా పోల్చుకుంటూ పోయారు. పేజీ చివరికి వచ్చి కళ్లజోడు తీశారు.

"నలభైకి ముప్పై ఎనిమిది కరెక్ట్."

హాలు దద్దరిల్లింది. నేను ఈల వేశాను. యూనివర్సిటీలో ఈల వేయకూడదని మా ఆవిడ మోచేత్తో పొడిచింది, ఇంకోటి వేశాను.

"ఆ రెండూ ఏవి సార్?" అని అడిగారు రాజ్యలక్ష్మిగారు ఆ గోలలోనే. "పదకొండోదీ, ఇరవై తొమ్మిదోదీ" అన్నారాయన. "ఇరవై తొమ్మిది మళ్లీ వెయ్యండి, అది తాతదే అయ్యుండాలి" అని ఆవిడ పట్టుబట్టారు. ఇప్పటికీ ఒప్పుకోరు.

వెంకటనర్సయ్యగారు లేచి అనఘ దగ్గరికి వెళ్లారు. "నువ్వు ముసలోళ్లకు ఆట వస్తదా రాదా అని చూద్దామనుకున్నవ్. వస్తదని తేలింది, గది ఒకటి. పిల్లలు ప్రేమ తోటి వాళ్లను కాపాడబోయి, వాళ్లకు వచ్చిన సంగతే వాళ్లకు తెల్వకుండ చేసిన్రు. గిది ఇంకా పెద్దది. ఎవరూ రాయలేదు. ఫికర్ చెయ్యకు, థీసిస్ అయింది. మీ నాయినకు ఫోన్ కొట్టు."

అనఘ ఫోన్ కొట్టలేదు. ముందు ఇంకో స్లైడు ఉంది, అది చూపించాలంది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు. పైన "దృశ్య పరిశీలన" అని చిన్నగా. కింద "రాజ్యలక్ష్మి" అని పెద్దగా. ఇంకెవరి పేరూ లేదు. సినిమా వాళ్లం కాబట్టి మా వరసంతటికీ అదేమిటో తెలుసు. సింగిల్ కార్డ్.

నేను పక్కకి తిరిగి చూశాను. ఆవిడ పెదాలు కదులుతున్నాయి. ఏదో ప్రార్థన చేస్తున్నారనుకున్నాను. చెవి దగ్గరగా పెట్టి వింటే, ఆ కార్డు ఎన్ని సెకన్లు ఉందో లెక్కపెడుతున్నారు. పదిహేడు దాకా వెళ్లి, ఇక లెక్కపెట్టలేక కళ్లు తుడుచుకున్నారు.

కథ ఇక్కడ ముగించవచ్చు, ముగిస్తే ఆవిడ ఒప్పుకోరు. ఎందుకంటే ఆవిడ అడిగింది ఇది కాదు.

ఆ మర్నాడు ఆదివారం. పెట్టెలు తిరిగి ఇచ్చేయాలి. ఇచ్చేముందు ఒక్క ఆట ఆడదామన్నారు రాజ్యలక్ష్మిగారు. ఆవిడ చివరి రెండు వారాల లెక్క నూటికి ఎనభై ఒకటి అని అనఘ కాగితం చెబుతోంది. అయినా కాగితం వేరు, ఆట వేరు. సెట్టింగ్స్ మార్చాం. రెండో రిమోట్ తీసి టీవీ మీద, అందరికీ కనిపించేలా పెట్టాం. ముందు మనోజ్ఞ ఆడింది. ముప్పై నాలుగు మిద్దెలు దూకి అవుటయింది.

తరవాత ఆవిడ కూర్చున్నారు. హాల్లో అనఘ, వేదాంత్, నేను, ఆఫీసుకి సెలవు పెట్టకుండానే దొరికిన కూతురు. పది దాటారు. పద్దెనిమిదో మిద్దె దగ్గర ఒకసారి పడ్డారు. ఇరవై నాలుగు దగ్గర ఇంకోసారి. మనోజ్ఞ చూపు టీవీ మీద ఉన్న రిమోట్ వైపు పోయింది. లేవబోయి ఆగింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద గట్టిగా కూర్చుంది. ఆ పిల్లకి అది ఎంత కష్టమో ఆ ముఖం చూసినవాళ్లకి తెలుస్తుంది.

ముప్పై. ముప్పై ఒకటి. ముప్పై రెండో మిద్దె అంచుకి బొమ్మ వచ్చింది. ఆవిడ వేలు నొక్కింది. వెంట్రుకవాసి ఆలస్యం. బొమ్మ సందులో పడింది.

మనోజ్ఞ అమ్మమ్మ చేతి వైపు చూసింది, కొంగు మీదకి వెళుతుందేమోనని. చెయ్యి కదల్లేదు. మనోజ్ఞ ఒక్కసారిగా సోఫా మీద నుంచి లేచి, రెండు చేతులూ గాల్లోకి ఎత్తి అరిచింది.

"అమ్మమ్మా, నువ్వు అవుట్! నేను గెలిచా!"

రాజ్యలక్ష్మిగారు పడీపడీ నవ్వారు. అరవై ఆరేళ్ల మనిషి సోఫాలో వెనక్కి వాలి, కళ్లజోడు ఊడి ఒళ్లో పడేదాకా నవ్వారు. మనవరాలిని దగ్గరికి లాక్కుని, "ఇంకోసారి అను" అన్నారు. అది ఇంకోసారి అంది. వేదాంత్ కూడా అన్నాడు. చివరికి మేమంతా అన్నాం.

ఆ నవ్వు ఆగాక కంటిన్యుటీ పుస్తకం తెరిచారు. ఎర్ర, నీలం టిక్కులన్నీ అయిపోయిన చోట కొత్త పేజీ తిప్పి తేదీ వేశారు, టైము వేశారు. ఆవిడ పుస్తకాల్లో ఆవిడ గురించి రాసుకున్న మొదటి మాట అది. తొంగి చూశాను. దాచలేదు.

"ముప్పై రెండో మిద్దె. అవుట్. వేలు నాదే."